టోపీ ఓబులేసు శ్రుతి

పోయిన వారం ప్రొద్దుటూరులో చెప్పులు కొనడానికి ఒక కొట్టుకు వెళ్లాను. కొట్టువాడు అట్టపెట్టె మూత తీయగానే కొత్త తోలు వాసన గుప్పుమంది. నాకు వెంటనే టోపీ ఓబులేసు తుపాకీ దోపుకోవడానికి నడుముకు కట్టుకునే తోలు పటకా గుర్తుకొచ్చింది. ఆ ధ్యాసలో పడి, చెప్పులు కాలికి సరిపోయాయో లేదో కూడా చూసుకోకుండా కొనేశాను. ఇంటికి వచ్చాక ఒకటి కరుస్తోందని తెలిసి, మళ్లీ ఎండలో వెళ్లి మార్చుకొచ్చాను. మనిషి పోయి ఇన్నేళ్లయినా నన్ను తిప్పడం మాత్రం మానలేదు.

ఆయనను చూడని వాళ్లకు ఆయన చేసిన పనేమిటో చెప్పడం కొంచెం కష్టం. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో సేద్యగాళ్ల ఇంట పుట్టాడు. పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడి పేరు తెచ్చుకున్నాడు. మద్రాసు వెళ్లి కొన్ని కౌబాయ్ సినిమాల్లో వేషాలు వేశాడు. తిరిగొచ్చి, ఆ కౌబాయ్‌ని తెచ్చి మన పద్యనాటకంలో నిలబెట్టాడు. తలమీద తోలు టోపీ, మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో కొయ్య తుపాకి. బందిపోటు నాయకుడు ఎదురుపడితే ఓబులేసు తుపాకి గురిపెట్టి, తాపీగా రాగం అందుకునేవాడు. రాగం ముగిసి పద్యం పూర్తయ్యేదాకా బందిపోటు పారిపోకూడదు, అది నాటక ధర్మం. పద్యం కాగానే తెరవెనక టపాకాయ పేలేది, వాడు పడిపోయేవాడు. జనం వన్స్‌మోర్ అంటే లేచి, దుమ్ము దులుపుకొని, మళ్లీ చావడానికి నిలబడేవాడు. పులివెందులలో ఒకసారి అలా చచ్చి చచ్చి విసిగిన బందిపోటు, “ఓబులేసప్పా, మోకాళ్లు పోతాండాయి, ఈసారి నువ్వు చావు” అన్నాడు. మైకు పక్కనే ఉండడంతో ఊరంతా విన్నది. దానికీ వన్స్‌మోర్ పడింది.

చదువుకున్నవాళ్లు నవ్వేవారు, నేనూ మొదట నవ్వినవాణ్నే. మాది గుడి పూజారుల కుటుంబం. ముద్దనూరు బడిలో పంతులుగా చేరిన కొత్తలో, భజనల్లో నేర్చిన హార్మోనియం తప్ప నాకు వేరే వ్యసనం లేదు. ఓబులేసు తన హార్మోనిస్టును పంపించేశాడని విని, ఆ పని నాకు దొరుకుతుందేమో చూద్దామని వెళ్లాను. ఆయన పంచలో కూర్చొని ఉగ్గాని తింటున్నాడు. నాకూ ఒక పళ్లెం పెట్టించాడు. వాయించి చూపించమంటాడని వేళ్లు సర్దుకుంటుంటే, పక్కనున్న హార్మోనియం పెట్టె వంక కూడా చూడలేదు.

“నువ్వెంత బాగా వాయిస్తావో నాకొద్దు అయివారూ,” అన్నాడు. “నాకు చెప్పకుండా శ్రుతి తగ్గిస్తావా?”

తగ్గించనన్నాను. “నేను దగ్గుతాండినా తగ్గియ్యగూడదు. తగ్గియ్యాల్సి వస్తే ముందు నాతో చెప్పల్ల,” అన్నాడు. అంతటితో పరీక్ష అయిపోయింది. ఆ తర్వాత ఆయనను మామా అని పిలవడం నాకు అలవాటైంది.

శ్రుతి సంగతి తెలియని వాళ్లకు రెండు ముక్కలు. పాట ఎంత ఎత్తు నుంచి మొదలుపెట్టాలో హార్మోనియం మెట్టు చెబుతుంది. ఆ మెట్టే శ్రుతి. రైతుకు ఎద్దుల జత ఎంతో, పద్యం పాడేవాడికి తన శ్రుతి అంత. ఓబులేసుది ఐదున్నర. మగ గొంతుకు అది చాలా ఎత్తు, గాలి లేని రోజుల్లో మైకు లేకుండానే పక్క ఊరికి వినిపించేదని చెప్పుకునేవారు. పాత హార్మోనిస్టు ఒక రోజు ఆయన జలుబు చూసి, జాలిపడి, చెప్పకుండా అర మెట్టు దించాడట. అదీ అతని నేరం. ఇంత చిన్నదానికి ఒక మనిషిని మాన్పించాలా అని నాకు అనిపించింది. ఆ కారణం తెలియడానికి కొంతకాలం పట్టింది.

ముద్దనూరు స్టేషనులో పాసింజరు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆయనే చెప్పాడు. మద్రాసుకు వెళ్లింది గొంతు పట్టుకొని. సినిమా కంపెనీ వాళ్లు తీసుకున్నది ఆయన ఒంటి పొడుగునూ ముఖాన్నీ. కథానాయకుడి స్నేహితుడిగా ఓబులేసు గుర్రమెక్కి పాడాలి, విశ్రాంతికి ముందే చచ్చిపోవాలి. అన్ని సినిమాల్లోనూ అదే వేషం. పాట మాత్రం వేరే గాయకుడు స్టూడియోలో పాడేసి వెళ్లేవాడు, ఈయన గుర్రం మీద పెదవులు కదిపేవాడు. ఒక సినిమా ప్రొద్దుటూరుకు వస్తే అమ్మను తీసుకెళ్లి చూపించాడు. కొడుకు పాట రాగానే చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. ఆమె మాత్రం ఆయన చెయ్యి గిల్లింది.

“ఎవురిదిరా ఆ గొంతు? నీ నోట్లో ఇంకెవురో కూచోని పాడతాండారు,” అన్నదట.

ఓబులేసు ఇంక మద్రాసుకు పోలేదు. సామాను కూడా తెచ్చుకోలేదు. టోపీ, పటకా మాత్రం సినిమా వేషంలో కనబడదామని ఆ రోజు పెట్టుకొచ్చాడు కాబట్టి మిగిలాయి. తనకు చెప్పకుండా శ్రుతి మారిస్తే తన నోట్లో మళ్లీ ఇంకెవరో పాడినట్టేనని చెప్పి, ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. అంతకుముందు ఉన్నది సరదా మాత్రమే.

ఏళ్లు గడిచాయి. తొండూరులో ఒక ఆటలో పైస్థాయికి వెళ్లిన గొంతు తెగిపోయింది. జనం మైకు చెడిపోయిందనుకున్నారు. నాకు తెలుసు, ఆయనకు తెలుసు, ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాతి ఆటల్లోనూ అలాగే జరిగింది. ఆయన మెడనరాలు ఉబ్బడం చూస్తుంటే నా చెయ్యి దానంతటదే కింది మెట్టు మీదకు జరిగేది, మళ్లీ వెనక్కి తీసుకునేవాణ్ని. చెప్పకుండా దించకూడదు. చెబుదామంటే నోరు రాదు. ఆ ఏడాదంతా నేను భయపడుతూనే వాయించాను.

అప్పుడే జమ్మలమడుగులో ఆట కుదిరింది. ఆయన ఐదున్నర విని పెరిగిన ఊరు. ఆట పెట్టిన కుర్రాళ్లు మంచివాళ్లే, ఆయనంటే ప్రాణం. ఆ ప్రేమతోనే ఒక ఉపాయం తెచ్చారు. ఆయన వయసులో ఉన్నప్పుడు పాడిన క్యాసెట్టు ఒకటి దొరికింది, దాన్ని మైకులో వేస్తాం, మీరు పెదవులు కదిపితే చాలు, గొంతు ఎటూ మీదే కదా అన్నారు. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. నిజం చెప్పాలంటే, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను.

ఓబులేసు కోప్పడలేదు. “ఆ పని మద్రాసులో చేసొచ్చినా నాయనా,” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఎంత వస్తుందో నువ్వే చెప్పు అన్నాడు. నాలుగు అన్నాను. మూడు చెప్పనందుకు సంతోషించాలో, ఐదు చెప్పనందుకు బాధపడాలో తెలియనట్టు చూసి, సరేనన్నాడు.

ఆట రోజు తెర లేవకముందే, వేషంతో, టోపీ చేతిలో పట్టుకొని జనం ముందుకొచ్చాడు. “అప్పా, ఇన్నేండ్లు మీకు ఐదున్నరకు పాడినా. ఇప్పుడది రాదు. ఈ పొద్దు నాలుగుకు పాడతాండా. ఐదున్నరే కావల్లంటే పోండి, నేనేమీ అనుకోను.”

కొందరు నిజంగానే లేచి వెళ్లారు. అందులో ఆయన పాత అభిమానులూ ఉన్నారు. చివరి మనిషి చెప్పులు వేసుకొని వెళ్లేదాకా ఓబులేసు అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత టోపీ పెట్టుకొని, “అయివారూ, నాలుగు” అని మైకులోనే అన్నాడు. నా చెయ్యి నాలుగో మెట్టు మీద పడింది. ఆ కింది శ్రుతిలో ఆయన మాటలు అంత స్పష్టంగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. పద్యం ముగిసింది, టపాకాయ పేలింది, బందిపోటు పడిపోయి వన్స్‌మోర్ కోసం ఒక కన్ను తెరిచి ఎదురుచూశాడు. ఎవరూ అనలేదు. లేచిపోనూ లేదు. ఓబులేసే వంగి, వాడికి చెయ్యిచ్చి లేపాడు.

ముఖం కడుక్కుంటూ ఆయన నన్ను ఒకటే అడిగాడు.

“గొంతు నాదేనా అయివారూ?”

“నీదే మామా.”

“ఇంగ చాలు,” అన్నాడు. చెంబు నా చేతికిచ్చి తుండుగుడ్డ కోసం వెతుక్కున్నాడు. నాకు ఏడుపొచ్చింది, చెంబు కింద పెట్టి బయటికి వెళ్లాను. అదే ఆయన ఆఖరి ఆట అయింది. తర్వాత ఎక్కువ కాలం లేడు.

చెప్పులు కొన్నది ఎందుకో చెప్పలేదు కదా. ప్రొద్దుటూరులో కొత్తగా నాటక సమాజం పెట్టినవాళ్లు నన్ను హార్మోనియం వాయించమని అడిగారు, ఆ ఆటకు వేసుకెళ్దామని కొన్నాను. నా వేళ్ల కణుపులు వాచిపోయాయి. ఆ మాట వాళ్లకు చెప్పాను. వేగంగా పరుగెత్తే చోట నా వేళ్లు రావు, ముందే చెబుతున్నాను అన్నాను. “పర్వాలేదు సార్, కీబోర్డులో ట్రాక్ పెట్టుకుంటాం. మీరు ఊరికే పెట్టె ముందర కూచోండి,” అన్నాడు వాళ్లలో పెద్దవాడు. ఎంత మర్యాదగా అన్నాడో. ఊరికే కూర్చునేదానికైతే నేను రానన్నాను. కాసేపు గుసగుసలాడుకొని, సరే అన్నారు.

ఆట వచ్చే శనివారం. పద్యాలు కొంచెం నిదానంగా నడుస్తాయి. తెర లేవకముందే జనానికి ఆ సంగతి నేనే చెబుతాను.