నోరు చూడమన్న మనిషి

తొమ్మిదేళ్లుగా ఒక మాట కక్కలేక, మింగలేక ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లయితే చెప్పేదాన్ని కాదు. దాచి దాచి అలసిపోయాను, అంతే.

శ్రీకాకుళంలో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. తనిఖీ బృందం వస్తోందని ఆ ఏడాది మా ల్యాబ్‌లో ఆరడుగుల గాజు తొట్టె పెట్టించారు. ఉప్పునీటి చేపలకి. ఏ చేప పక్కన ఏ చేప బతుకుతుందో ఎంచే పని నాది. వారం రోజులు పుస్తకాలు ముందేసుకుని జాబితా రాసి, మద్రాసు నుంచి చిన్నచిన్న నారింజ చేపలు, నీలం చేపలు తెప్పించాను. సముద్రపు నీళ్లు మాత్రం మా అటెండరు ఎర్రయ్య తన ఊరి నుంచి క్యాన్లలో తెచ్చేవాడు. వాళ్లది వేట మీద బతికే ఇల్లు. పడవ బోల్తాపడి అన్న చనిపోయాక, ఇక సముద్రం వద్దని భార్య పట్టుబడితే ఈ కాంట్రాక్టు పనిలో చేరాడు.

తనిఖీకి ముందు శనివారం నీళ్లతో పాటు బకెట్లో ఒక చేపను తెచ్చాడు. ఒళ్లంతా ఎర్రచుక్కలు. ఊళ్లో ఎవరి వలలోనో పడిందట. కాలేజీ పిల్లలకు చూపించి తిరిగి పట్టుకెళ్లిపోదామనుకున్నాడు. నాకు కళ్లు చెదిరాయి. తొట్టెలో వెయ్యమన్నాను.

"వద్దు మేడమ్. దాని నోరు సూడండి. ఆ నోట్లో పట్టిందల్లా మింగేస్తాది."

"నీళ్లు మోసే పని నువ్వు చూసుకో ఎర్రయ్యా. చేపల సంగతి నేను చూసుకుంటాను."

"ఏటి సెప్తాను మేడమ్, మీరు సదువుకున్నోరు," అని వేసేశాడు.

సోమవారం ఉదయం ల్యాబ్ తలుపు తీస్తే తొట్టెలో అదొక్కటే ఉంది, పొట్ట ఉబ్బి.

నాకు తెలియక జరిగిందా? లేదు. అది గ్రూపర్ అని, చిన్న చేపల్ని మింగి బతికే జాతి అని చూడగానే తెలిసింది, చిన్నవాటితో ఉంచకూడదని నేను చదివిన పుస్తకంలోనే ఉంది, అయినా రెండు రోజులకేమవుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అదీ కాదు. అటెండరు నాకు చెప్పడమేమిటి అన్న పొగరు.

ఇది ఎవరు తెచ్చారని ప్రిన్సిపాల్ అరిచారు. ఎర్రయ్య అన్నాను. అబద్ధం కాదు కదా? తెచ్చింది అతనే. అతను అక్కడే నిలబడి నావైపు చూశాడు. మిగతాది కూడా చెబుతాననుకున్నాడేమో. నేను తల తిప్పుకున్నాను. నెలాఖరుకు అతన్ని తీసేశారు. మళ్లీ పడవెక్కాడు.

ఇప్పుడు అతని భార్య మా వీధికి చేపలు తెస్తుంది. నాకు మంచివి ఏరి ఇస్తుంది. ఎర్రయ్య ఆమెకు చెప్పలేదనుకుంటాను. చెప్పి ఉంటే బాగుండేది, నాలుగు తిట్లు తిట్టి ఉండేది. నేనే చెప్పొచ్చుగా? ఎన్నోసార్లు గుమ్మం దాకా వెళ్లాను. ధర అడిగి, చేపలు తీసుకుని లోపలికి వచ్చేశాను. తుఫాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ, మర్నాడు వీధిలో చేపలంటూ ఆమె కేక వినబడేదాకా నాకు అన్నం సహించదు.

ఆ రోజు అనాల్సింది ఎంత? అతను వద్దన్నాడు సార్, నేనే వేయించాను. అంతే. ఇన్నేళ్లకు మొదటిసారి రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది, నాకు. ఎర్రయ్య ఇవాళ కూడా వేటకే వెళ్లి ఉంటాడు.