చల్లంగ చూసుడు

మా అక్క బిడ్డకు ఆరేళ్లు. దాని గుండె గోడలో పుట్టుకతో ఒక రంధ్రం ఉందని, తొడ దగ్గరి రక్తనాళం గుండా చిన్న గొడుగులాంటి పరికరాన్ని పంపి మూసేస్తామని పట్నంలో డాక్టరు చెప్పిన రోజు ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో పని చేశాం. అక్క ఏడ్చింది. బావ బయటికి పోయి, అంతకు ముందే కడిగిన బండిని మళ్లీ తుడిచాడు. "గుండెల గొడుగేంది, లోపట వాన పడుతదా?" అని అమ్మ అడిగింది. నేను ల్యాప్‌టాప్ తెరిచి పట్టిక గీశాను.

అది నా ఉద్యోగం. ఆదిభట్ల వైపు ఒక ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగంలో ఉన్నాను. ఏం చెడిపోవచ్చు, ఎందుకు చెడిపోవచ్చు, ఎలా ఆపాలి, బాధ్యత ఎవరిది: ఈ నాలుగూ నాలుగు గడుల్లో రాస్తాం. నాలుగో గడి ఖాళీగా ఉంటే మా దగ్గర పట్టిక చెల్లదు. మేనకోడలి గుండెకు కూడా అదే పద్ధతి పాటించాను. ఇబ్రహీంపట్నం నుంచి దవాఖాన దాకా ట్రాఫిక్: బాధ్యత నాది. లిఫ్టు ఆగిపోవడం: పిల్లను ఎత్తుకుని మెట్లెక్కాలి, బాధ్యత బావది. కరెంటు పోవడం గురించి డాక్టరునే అడిగాను, జనరేటర్ ఎన్ని సెకన్లలో అందుకుంటుందని.

"మీరు ఇంజనీరా?" అన్నారాయన.

"అవును సార్."

"అనుకున్నా," అన్నారు. సెకన్ల సంగతి చెప్పలేదు.

ఆఖరి వరుస మాత్రం తెగలేదు. 'లోపల, మత్తులో, మాలో ఎవరం లేనప్పుడు.' నాలుగో గడిలో 'డాక్టర్' అని రాశాను. ఆయన చెయ్యి వణికితే? చెరిపేశాను.

"ఏం రాస్తున్నవ్ రా?" అంది అమ్మ.

"ఏమేం కావచ్చో రాస్తున్న."

"కావద్దన్నయన్నీ పేరు పేరున పిలుస్తున్నవన్నమాట."

ఈలోగా చుట్టాలు వచ్చారు. మా వైపు ఓదార్పు అంతా ఒక్క మాటలో ఉంటుంది: 'ఏం గాదు తీయ్.' అన్నం మాడినా, బోరు ఎండినా, గుండెకు రంధ్రం పడినా అదే. మీర్‌పేట్ నుంచి వచ్చిన పిన్ని ఆ మాట ఇంకాస్త గట్టిగా అంది. "ఏం గాదు తీయ్ రా. మా గల్లీల ఒకామెకు గిట్లనే ఉండె."

"ఇప్పుడెట్లున్నది పిన్ని?"

"ఆమె పోయింది గని, అది వేరే ముచ్చట."

పిల్ల ఇవన్నీ వింటూ బిస్కెట్లు తినేది. నన్ను అడిగింది ఒకటే. "మామ, లోపలికి నువ్వొస్తవా?"

"రానియ్యరు బిడ్డ."

"అమ్మ?"

"అమ్మను గూడ రానియ్యరు."

ఇంకో బిస్కెట్టు తీసుకుంది కానీ తినలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నా పట్టికలో తెగని వరుస దానికీ తెగలేదని అప్పుడు తెలిసింది.

ఆపరేషన్‌కు ముందురోజు పొద్దున అమ్మ దాన్ని చెరువు కట్ట మీది మైసమ్మ దగ్గరికి తీసుకుపోయింది. చెప్పుల్లేని కాళ్లకు ముల్లు గుచ్చుకుంటే జ్వరమొచ్చి ఆపరేషన్ వాయిదా పడుతుందని నేనూ వెంట వెళ్లాను. అమ్మ పసుపు నీళ్లలో వేపమండ వేసి, అమ్మవారి ముందు ధారగా సాక పోసింది. "నా మనుమరాలిని చల్లంగ జూడు తల్లీ," అంది.

"చల్లంగ ఎట్ల చూస్తరు మామ?" అని పిల్ల నన్నడిగింది.

"అది మాట వరస. కీడు రాకుండ చూడుమని."

"మరి చల్లంగ అని ఎందుకన్నది?"

ఎండల దేశం కాబట్టి చల్లదనమే మంచిదన్న భావన ఏర్పడిందని మొదలుపెట్టాను. అది మధ్యలోనే మేకను చూడ్డానికి వెళ్లిపోయింది.

మర్నాడు ఉదయం దవాఖానలో, ఆపరేషన్ గది బయట మంచం మీద దాన్ని పడుకోబెట్టారు. యంత్రాలు వేడెక్కకూడదని అక్కడ ఏసీ బాగా పెంచుతారు. పలచటి ఆకుపచ్చ గౌనులో పిల్ల వణుకుతోంది. చలి పట్టడం నా పట్టికలో పన్నెండో వరుస. అక్క దాని పాదాలు రుద్దుతూ మొహం పక్కకు తిప్పుకుంది.

"మామ, ఈడ గింత చల్లగున్నదేంది?"

"మిషన్ల కోసం పెట్టిన్రు."

"కాదు." గొంతు తగ్గించి నాకేదో రహస్యం చెబుతున్నట్టు అంది: "ఆమె వచ్చింది. చూస్తున్నది."

నర్సు దుప్పటి తెచ్చింది. పిల్ల కాలితో తన్నేసింది. "వద్దు. కప్పితే ఎట్ల కనపడుత?"

"ఎవరికమ్మా?" అంది నర్సు.

"మైసమ్మకు."

నర్సు నన్ను చూసింది. నేను గోడను చూశాను. చివరికి నర్సుకూ పిల్లకూ ఒప్పందం కుదిరింది: దుప్పటి కప్పుకుంటుంది, కానీ గుండె దగ్గర కప్పకూడదు. నర్సు చాలా ఓపికగా దుప్పటిని రెండు వైపులా మడిచి, ఛాతీ మీద జానెడు ఖాళీ వదిలింది. వణుకుతూనే, నవ్వుకుంటూ పిల్ల లోపలికి పోయింది. అది వెళ్లేటప్పుడు మావైపు తిరిగి కూడా చూడలేదు. అక్క దానికే ఎక్కువ ఏడ్చింది.

బయట మేం కూర్చున్న వరండాలోనూ అదే ఏసీ. అరగంటకు బావ రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. "నువ్వన్న పోయి జర తగ్గియ్యుమని చెప్పు బామ్మర్ది. సచ్చేటట్టున్నం."

"ఉండనియ్ బావ."

"నీకేమైంది? ఇంట్ల ఫ్యాన్ రెండు మీద పెడితెనే లొల్లి చేస్తవ్."

"ఉండనియ్."

కారణం చెప్పకుండా ఇలాంటి వాదన ఎవరైనా మా మీటింగులో చేస్తే నేనే మొదట కొట్టేస్తాను. చలి అంటే ఉష్ణోగ్రత తగ్గడమేనని నాకు తెలుసు. అయినా వెంట్రుకలు నిక్కబొడిచిన చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాను. ఏసీ గాలి మీదికి వచ్చినప్పుడల్లా, లోపల కూడా ఇలాగే ఉంటుంది కదా, పిల్ల ఒంటరిగా లేదు కదా అనిపించింది. భయం పోలేదు. కానీ దాన్ని పంచుకోవడానికి ఇంకెవరో వచ్చి పక్కన కూర్చున్నట్టుంది.

గంటన్నర తర్వాత డాక్టరు బయటికొచ్చి రంధ్రం మూసుకుందని, మత్తు దిగాక చూపిస్తామని చెప్పారు. అక్క కింద కూలబడిపోయి ఆయన చెప్పుల వైపే చూస్తూ దండం పెట్టింది. బావ కళ్లు తుడుచుకుని ముక్కు చీదాడు.

"ఇప్పుడన్న ఏసీ తగ్గియ్యుమని చెప్పొస్తనా?" అన్నాడు.

"ఆగు బావ," అన్నాను. "పిల్ల ఇంక లోపట్నే ఉన్నది గద."