కాఫీ కుప్పకు అటూ ఇటూ

మా డబుల్స్ జోడీకి ముప్పై ఏళ్ళు. ఇన్నేళ్ళలో ఓడిన మ్యాచ్‌లన్నీ ఒక కాగితం మీద రాసుకుంటూ పోతే ఆ కాగితం అరకు నుంచి బొర్రా గుహల దాకా పరుచుకుంటుంది. గెలిచినవి రాయడానికి బస్సు టికెట్టు వెనకవైపు చాలు. కారణం ఒక్కటే. షటిల్ మా ఇద్దరి మధ్యలోకి వచ్చిందంటే, పెళ్ళికూతుర్ని సాగనంపుతున్నంత మర్యాదగా, అది కిందపడేదాకా చూస్తూ నిలబడతాం.

తప్పు మాది కాదు, కాఫీది. మేం ఆట నేర్చుకున్నది నా జోడీ వాళ్ళ కాఫీ కళ్ళంలో. పగలంతా ఆరబెట్టిన గింజల్ని మంచు పడకముందే కళ్ళం మధ్యలో కుప్ప పోసి టార్పాలిన్ కప్పేవారు. చుట్టూ మిగిలిన సిమెంటే మా కోర్టు. కుప్పకు అటు నేను, ఇటు తను. రెండు సిల్వర్ ఓక్ చెట్లకు కట్టిన పాత చీర నెట్టు. దాని అవతల మట్టిలో మా అన్నలు. కుప్ప ఎంత ఎత్తుండేదంటే, దాని పక్కన గాలికొండ చిన్నబోయేది. నమ్మనివాళ్ళు నమ్మక్కర్లేదు.

ఆ కుప్పకు కాపలా నా జోడీ వాళ్ళమ్మ. నాకు పెద్దమ్మ వరస. చేట ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చునేది.

"గింజ మీద కాలెట్టినారంటే ఇరగ్గొడతాను, గుంటల్లారా."

మాకు దొరికిన కోచింగ్ ఆ ఒక్క వాక్యమే. కుప్ప మీద పడిన షటిల్‌కు పాయింటు లేదు. చీపురుతో లాక్కుని మళ్ళీ సర్వీసు చేయాలి. పదేళ్ళు అలాగే ఆడాం. తర్వాత నేను టీచర్నయ్యాను, తను నర్సయింది. ఉద్యోగుల పోటీలన్నీ తిరిగాం. కళ్ళం ఊళ్ళోనే ఉండిపోయింది గానీ కుప్ప మాత్రం ప్రతి కోర్టుకూ మాతో వచ్చేది.

ఈ ఏడాది నలభై దాటినవాళ్ళ పోటీలు పాడేరులో పెట్టారు. వారం ముందు నా జోడీ రాకెట్‌కు గ్రిప్పు చుట్టుకుంటూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"పార్వతీపురం బ్యాంకు మేడమ్ నన్ను అడుగుతోందే. జోడీ కడదామని."

"నువ్వేటన్నావు?"

"ఈసారి ఒక్క మ్యాచ్ గెలిస్తే నీతోనే. నేకపోతే ఆవిడతో. నాకూ ఇంట్లో ఒక కప్పు ఎట్టుకోవాలనుంటాది కదే."

మా ఆయనకు సీతంపేట బదిలీ అయినప్పుడు కూడా నాకంత దిగులు వేయలేదు. ఆయన వారానికోసారి వస్తాడు. జోడీ పోతే వస్తుందా?

మ్యాచ్ రోజే పెద్దమ్మకు పాడేరు ఆస్పత్రిలో కళ్ళు చూపించాలి. దారే గదా అని వెంట తీసుకెళ్ళి, ఆ పని ముగించుకుని కోర్టుకొచ్చాం. మా అసలు మ్యాచ్ ఆవిడ చూడడం అదే మొదటిసారి. ముందు వరసలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.

మొదటి గేమ్ పోయింది. రెండోది, ఎదుటివాళ్ళలో ఒకావిడకు పిక్క పట్టేయడం వల్ల, మాకు వచ్చింది. మూడోది పద్దెనిమిది–పద్దెనిమిది దాకా లాగాం. అప్పుడు వాళ్ళు మా కిటుకు కనిపెట్టారు. షటిల్ మధ్యలో వేశారు. చూశాం. పడింది. మళ్ళీ వేశారు. మళ్ళీ చూశాం. పద్దెనిమిది–ఇరవై. ఇంకొక్క పాయింటు పోతే మ్యాచూ పోతుంది, జోడీ పోతుంది.

పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఏటే, ఇద్దరూ దాన్నలా సూత్తన్నారు? ఎవులు కొడతారది?"

"అక్కడ గింజలుంటాయి కదమ్మా," అనేసింది నా జోడీ.

అనేసి నోరు మూసుకుంది. నేను తన వైపు చూశాను. ముప్పై ఏళ్ళలో మేమిద్దరం ఒకరికొకరం కూడా చెప్పుకోని సంగతి అది. పెద్దమ్మ చుక్కల మందు వేసిన కళ్ళు చికిలించి కోర్టంతా ఒకసారి వెతికింది.

"ఆ కుప్ప ఎప్పుడో ఎత్తేసినాం. తొక్కండి."

అంపైర్ ఆవిణ్ణి కూర్చోమన్నాడు. ఆవిడ అంపైర్నే కూర్చోమంది, ఆయన కూర్చునే ఉన్నాడు.

తర్వాతి షటిల్ కూడా మధ్యలోకే వచ్చింది. ఇద్దరం ఒకేసారి దూకాం. తలలు ఢీకొన్న చప్పుడు మారేడుమిల్లి అడవుల దాకా వినబడి ఉంటుంది. కొట్టింది మాత్రం నేనే; తను తనేనంటుంది. వాళ్ళు పాపం ఆ మధ్యనే నమ్ముకుని వేస్తూ పోయారు, మేం తొక్కుతూ పోయాం. ఇరవై రెండు–ఇరవై.

నా జోడీ నుదుటి మీద బొప్పి రుద్దుకుంటూ అక్కడే బ్యాంకు మేడమ్‌కు ఫోన్ చేసి, కుదరదండీ అని చెప్పేసింది.

మధ్యాహ్నం రెండో రౌండ్‌లో పావుగంటకే ఓడిపోయాం. షటిల్ ఎక్కడ పడినా మేమిద్దరం మధ్యలోనే ఉన్నాం, భుజాలు రాసుకుంటూ.

తిరుగు బస్సులో పెద్దమ్మ మా ముందు సీట్లో కూర్చుంది. ఘాట్ రోడ్డు మలుపులు దాటాక మా ఇద్దరి వైపూ తిరిగింది.

"ఈసారొచ్చినప్పుడు మూలల్లో కూడా గింజలు నేవని సెప్పాలేటే?"