గిన్నెలో పెడితే ముట్టని కుక్క

కిడ్నీలు పాడయ్యాయని జూబ్లీహిల్స్‌లో కుక్కల డాక్టరు చెప్పగానే నాకు ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. నిజానికి ఆ కుక్క నాది కాదు. కృష్ణానగర్‌లో మా కింది వాటాలో ఉండే ట్రైనర్‌ది. సినిమాలకు కుక్కల్ని తయారుచేసేవాడాయన. ఆయన పోయాక భార్య సొంతూరికి వెళ్ళిపోతూ, "జర చూస్కో అన్నా, నువ్వంటే దానికి పానం" అని గొలుసు నా చేతిలో పెట్టింది. కో-డైరెక్టర్‌నని చెప్పుకుంటూ ఇరవయ్యేళ్ళుగా ఒంటి గదిలో పడి ఉన్నవాణ్ణి. కాదనడానికి సాకు కూడా దొరకలేదు.

రెండేళ్ళు బాగానే గడిచాయి. ఆయన పెట్టినట్టే చికెనూ అన్నమూ కలిపి, ముద్దలు చేసి చేత్తో తినిపించేవాణ్ణి. పళ్ళు తగలకుండా సుతారంగా అందుకునేది. ముద్ద ఆలస్యమైతే మోకాలి మీద కాలు వేసేది. మా అమ్మ పోయాక నా వంటను మెచ్చిన ప్రాణం అదొక్కటే.

డాక్టరు ఆ చికెన్ అన్నం మానిపించమన్నాడు. "ఈ కొత్త ఫుడ్ మొదట పాతదాంట్లో పావువంతు కలపండి సార్. వారంలో పూర్తిగా మార్చేయండి. కొలిచి గిన్నెలో పెట్టండి, చేత్తో గారాబాలు వద్దు. పావుగంటలో తినకపోతే తీసేయండి. ఆకలేస్తే అదే తింటుంది."

తినలేదు. గిన్నె ముందు బుద్ధిగా కూర్చుని నా మొహంలోకి చూసేది. చొంగ కారిపోయేది, మూతి మాత్రం దించేది కాదు. పావుగంట కాగానే గిన్నె తీసేసేవాణ్ణి. మూడో రోజు కొత్తది తగ్గించి చికెన్ ఎక్కువ కలిపాను. ఊహూఁ. నాలుగో రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమే, ఏ హీరోయిన్ క్యారవాన్‌లో పుట్టావే నువ్వు? తింటే తిను, లేకపోతే చావు!" అని అరిచాను. అబద్ధమెందుకు, ఆ మాటే అన్నాను. అది చెవులు వెనక్కి పెట్టి, ఇంకాస్త నిటారుగా కూర్చుంది.

ఐదో రోజు మెట్లు ఎక్కలేకపోయింది. భయం వేసి ట్రైనర్ భార్యకు ఫోన్ చేశాను.

"కొత్త తిండి ముట్టుకోవడం లేదమ్మా. చికెన్ కలిపినా అంతే."

"దేంట్ల పెడ్తున్నవ్ అన్నా?"

"గిన్నెలో."

"అయ్యో అన్నా! గిన్నెల పెడితే అదెట్ల తింటది? గిన్నెల ఉన్నది, పళ్ళెంల ఉన్నది షూటింగ్‌ది, ముట్టొద్దని ఆయన చిన్నప్పటి సంది నేర్పిండు గదా. చేత్తోని పెడితెనే తింటది. నీకు తెల్వదా?"

తెలియకేం! ఫిల్మ్‌నగర్‌లో ఒక బంగళాలో భోజనాల సీను తీస్తుంటే, సీన్ పేపరు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. హీరోకి డైలాగు రావడం లేదు. టేకు మీద టేకు. ఈ కుక్క చికెన్ పళ్ళెం ముందు చొంగ కార్చుకుంటూ కదలకుండా కూర్చుంది. యూనిట్ మొత్తంలో మొదట చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. అదే కూర్చోవడం నా గదిలో చూసి పొగరనుకున్నాను. ఎంత తిడితే అంత బాగా కూర్చుంది, పిచ్చిముండ.

కొత్త తిండినే నానబెట్టి, పిసికి, ముద్ద చేసి చేత్తో పట్టుకున్నాను. ఒక్క చికెన్ ముక్క లేదు. అయినా గబగబా తింది. రెండో ముద్ద కోసం మోకాలి మీద కాలు వేసింది. రుచితో దానికి పేచీయే లేదన్నమాట. నాలుగు ముద్దలు తిని, అంతా కక్కేసింది.

మర్నాడు ఆటోలో తీసుకెళ్ళాను. రక్తం రిపోర్టు చూసి డాక్టరు, "రెండో రోజే తీసుకురావాల్సింది కదా సార్" అన్నాడు. మీరే కదా గిన్నె తీసేయమన్నది అని నోటిదాకా వచ్చింది. గిన్నె సంగతి ఆయనకేం తెలుసు? తెలిసినవాణ్ణి నేను.

"ఇక ఆ ఫుడ్ అక్కర్లేదు. దానికేది ఇష్టమైతే అది పెట్టండి."

ఆ మాటకు అర్థం నాకెవరూ చెప్పనక్కర్లేదు.

ఇంటికొచ్చి చికెన్ ఉడికించాను. అన్నం మెత్తగా కలిపి, ముద్ద మూతి దగ్గర పెట్టి, "తినమ్మా, తల్లీ" అని బతిమాలాను. వాసన చూసింది. తినలేకపోయింది. నాకు ఏడుపొచ్చి గొంతు పెరిగింది. మళ్ళీ తిడుతున్నాననుకుందేమో, ముందుకాళ్ళు కూడదీసుకుని, వణుకుతూ లేచి, నా ఎదురుగా నిటారుగా కూర్చుంది. పడుకోమన్నా పడుకోలేదు.