కోర్టుకెక్కిన నా నోరు

చాయ్ తాగుకుంట వినుండ్రి గని నవ్వద్దు. మొన్న నా నోరు సముద్రం దాటిపోయి ఇంకో దేశం కోర్టుల రికార్డయింది. నాకు పాస్‌పోర్టు గూడ లేదు. కోరుట్లల కుర్చీ మీద కూసుండి బ్లౌజులు కుట్టుకునేదాన్ని, నా మాటలు అరబీల రాసుకున్నరు!

మా షాపు మీకు ఎర్కే గదా. అద్దం ఎనక నైటీ తొడిగి నిలబెట్టిన బొమ్మ గూడ ఎర్కే. కొందరు కస్టమర్లు బట్ట జానెడు తెచ్చి చేతులు మోచేతుల దాక కావాలంటరు. వాళ్లను ఏమనలేను. వాళ్లు పోయినంక ఆ కోపమంత బొమ్మ మీద తీసుకుంట. అది మారు మాట్లాడదు. గట్ల అలవాటు పడ్డ నోరు నాది.

సంగతేందంటె, మా చెల్లె స్వరూపది మల్లాపూర్. దాని మొగడు మల్లేశం గల్ఫ్‌ల లారీ నడుపుతడు. ఒకనాడు బండి మీదున్నప్పుడే కడుపుల నొప్పి లేచింది. లారీ పక్కకు ఆపి, దగ్గర్లున్న చిన్న దవాఖానకు పోయి సెలైన్ పెట్టించుకున్నడు. తిరిగొచ్చేసరికి లారీ సేటు కేసు పెట్టిండు, పని ఇడిసిపెట్టి పారిపోయిండని. దవాఖాన చీటీ చూపిస్తె, అది తర్వాత రాయించుకున్నదన్నడట. గంతే, కేసు తేలేదాక దేశం దాటద్దని ఆర్డరైంది. పాపం మల్లేశంకు అటు పని లేదు, ఇటు ఇల్లు లేదు.

మేం తిరగని ఆఫీసు లేదు. ఏడికి పోయినా ఒక్కటే మాట, "అది వేరే దేశమమ్మా, మా చేతుల లేదు." వేరే దేశమని మాకు తెల్వదా? పోయేటప్పుడు ఒక్కడన్న వేరే దేశమని ఆపిండా? పైసలు పంపినన్ని రోజులు మన దేశమే, ఆపదొస్తె వేరే దేశమా? ఇప్పుడు తలుసుకున్నా నా ఒళ్లు మండుతది.

ఆఖరుకు జగిత్యాలల ఒక వకీలు మేడం దొరికింది. ఆమె చెప్పింది, గిట్లాంటి కేసుల కోసం రెండు దేశాలు కలిసి నిధులు పెట్టినయట. ఆ దేశంల వకీలు ఫ్రీ, మాట మార్చి చెప్పే ట్రాన్స్‌లేటర్ ఫ్రీ. సాక్షి ఆడికి పోవుడు లేదు, జగిత్యాలల టీవీ ముంగట కూసుండి చెప్తె చాలు. ఆ దవాఖాన మంచం మీద నుంచే మల్లేశం స్వరూపకు వీడియో కాల్ చేసిండు. అప్పుడు నేను గూడ పక్కనే ఉన్న. అదే సాక్ష్యం, అదొక్కటే ఆసరా.

ఆ రూం చూస్తె నాకు దిమ్మ తిరిగింది. ఏసీ, గోడంత టీవీ, మెత్తటి కుర్చీలు, గీ నిధులతోని కట్టినమని గోడకు నల్లరాతి పలక. నెట్ మాత్రం లేదు. నెట్ బిల్లు ఏ ఆఫీసు కట్టాలెనో ఇంకా తేలలేదట. పలకకు పైసలున్నయి, నెట్‌కు లేవు! పాపం మేడమే తన ఫోన్ హాట్‌స్పాట్ పెట్టింది.

ఈడ మీకొకటి చెప్పాలె. గల్ఫ్‌ల మనిషున్న ఇంట్ల అందరికీ ఒక అలవాటుంటది. వీడియోల మనిషి కదలకపోతె నెట్ స్టక్ అయినట్టే. అప్పుడు మన మాట అటు పోదు, మనం మనం మాట్లాడుకోవచ్చు. మల్లేశం స్టక్ అయినప్పుడే స్వరూప, "మస్తు సన్నబడ్డడు గదక్కా" అని కండ్లు తుడుచుకుంటది. కదిలిండంటె మళ్ల నవ్వు మొకం పెడ్తది. ఏండ్లకేండ్లు గట్లనే ఎల్లదీసింది.

టీవీ పెట్టిండ్రు. ఆ దిక్కు జడ్జి, సేటు వకీలు, మూలకు చేతులు కట్టుకొని మా మల్లేశం. ఒక పక్కకు ట్రాన్స్‌లేటర్. "అక్కా, మాది సిరిసిల్లనే. మీరు ఏం మాట్లాడినా పొల్లు పోకుంట చెప్త" అన్నడు. మనోడే అని నాకు పానం లేచొచ్చింది. నా కొంప మునిగింది గూడ ఆడనే.

మేడం నాకు ముందే చెప్పింది, "స్వరూప ఒక్కతే మాట్లాడాలె. మీరు ఊకె కూసోండ్రి." సరేనన్న. మొదలైనంక రెండుసార్లు నిజంగనే స్టక్ అయింది. సిగ్నల్ కోసమని మేడం ఫోన్ పట్టుకొని వరండాల కిటికీ కాడికి పోయింది. అటు దిక్కు నుంచి అడిగిండ్రు, "ఆ రోజు నీ భర్త ఎక్కడున్నడు?"

స్వరూప మల్లేశం దిక్కు చూసింది. అంత పెద్ద టీవీల మొగని మొకం అన్ని రోజులకు చూసేసరికి అది కొంగు నోట్ల కుక్కుకున్నది. నేను టీవీ దిక్కు చూసిన. జడ్జి గదువ కింద చెయ్యి పెట్టుకొని కూసున్నడు. కదుల్తలేడు. రెప్ప గూడ కొడ్తలేడు. మల్లేశం తల దించుకొని అట్లనే ఉన్నడు.

"ఇగో, మళ్ల స్టక్" అన్న.

ఇగ నా నోరు తెరుచుకుంది. "ఏడ్వకు చెల్లె, ఎవ్వలికి చెప్తున్నవ్? గీ జడ్జి కన్న మా షాపుల బొమ్మ నయం, గాలొస్తెనన్న ఊగుతది. పలకకు పెట్టిన పైసలు నెట్‌కు పెడ్తె గీ గోస ఉండకపోవు. నొప్పికి మెలికలు తిరుగుకుంట దవాఖానల పడ్డోన్ని పారిపోయిండంటరా? సెలైన్ బాటిల్ నా కండ్లతోని చూసిన. లారీ తాళంచెవి తలకింది మెత్త పక్కకే ఉండె. నొప్పుల గూడ ‘సేటు బండి రోడ్డు మీదున్నది వదినె, జల్ది పోవాలె’ అన్నడు పిచ్చోడు. పారిపోయేటోడు తాళంచెవి మెత్త పక్కన పెట్టుకుంటడా? ఆ సేటు మొకం మండ!"

అన్నంక టీవీల ఒక పక్కకు చూసిన. సిరిసిల్లాయన పెదవులు గబగబ కదుల్తున్నయి. స్టక్ అయిన టీవీల ఒక్కని పెదవులే ఎట్ల కదుల్తయి?

"ఓ సారూ, గదంత చెప్పినవా?" అన్న.

"చెప్పిన అక్కా. బొమ్మ కాడ నుంచి మొదలుపెట్టి అన్ని చెప్పిన."

"సిరిసిల్లోనివే గదా, జర మింగకపోయినవా?"

"ఎట్ల మింగుత అక్కా? నన్ను పెట్టుకున్నదే అందుకు. ప్రమాణం గూడ చేసిన." అని, మళ్ల జడ్జి దిక్కు తిరిగి గీ మాటలు గూడ అరబీల చెప్పిండు!

మేడం ఉరికొచ్చింది. అప్పటికే జడ్జి అడుగుతున్నడట, ఈమె గూడ ఆ రోజు కాల్‌ల ఉన్నదా, ఉంటె ఈమెను గూడ సాక్షి కింద రాసుకుంట అని. రాసుకున్నంక చదివి వినిపిస్తరట. ప్రతి మాటకు ఔనని నేను ఒప్పుకోవాలె. మేడం నా చెవుల, "ఒక్క మాట కాదన్నవనుకో, సేటు వకీలు మొత్తం కొట్టేయమంటడు. తాళంచెవి మాట గూడ పోతది" అన్నది.

సిరిసిల్లాయన చదువుడు షురూ చేసిండు. "గీ జడ్జి కన్న మా షాపుల బొమ్మ నయం. ఈ మాట మీదేనా?"

భూమి పగిలితె బాగుండనిపించింది. టీవీల మల్లేశం దిక్కు చూసిన. చొక్కా రెండు సైజులు పెద్దగైంది వానికి. బట్టలు కుట్టేదాన్ని, నా కొలత తప్పదు.

"నాదే సార్" అన్న. పలక మాట నాదే అన్న, మేడం మొకానికి కొంగు అడ్డం పెట్టుకున్నది. తాళంచెవి మాట నాదే అన్న. సేటు మొకం మండుడు గూడ నాదే అన్న.

జడ్జి ఏదో అడిగిండు. సిరిసిల్లాయన చెప్పిండు, "అక్కా, ఆ బొమ్మ ఊగుతది సరే, వింటదా అని అడుగుతున్నరు."

"వినదు సార్" అన్న. ఎందుకో నాకు ఏడుపొచ్చింది. "ఇన్ని రోజులు ఎవ్వలూ వినలేదు. అందుకే దానికే చెప్పుకుంటున్న."

జడ్జి అప్పుడు గూడ కదల్లేదు. ఒక్క మాటన్నడు. "‘నేను విన్న’ అంటున్నరు అక్కా" అన్నడు సిరిసిల్లాయన.

కేసు తేలింది, దేశం దాటద్దన్న ఆర్డర్ ఎత్తేసిండ్రు. మల్లేశం వచ్చిండు. స్వరూప ఇప్పుడు ఏడుపొస్తె ఎదురుంగనే ఏడుస్తున్నది, స్టక్ అయ్యేదాక ఆగుతలేదు. జగిత్యాల రూంకు నెట్ మాత్రం ఇంకా రాలేదు, పలకను రోజూ తుడుస్తున్నరట.

వచ్చిన తెల్లారి మల్లేశం మా షాపుకొచ్చిండు. రా మరిదీ అని కుర్చీ ఏసిన. నా దిక్కు చూడనే లేదు, అద్దం కాడికి పోయి బొమ్మకు రెండు చేతులెత్తి మొక్కిండు. "ఆగు వదినె, ముందుగాల జడ్జి సారుకు దండం పెట్టనియ్యి" అన్నడు.

గదో, అప్పటి సంది నాకు తిట్టనీకె బొమ్మ గూడ లేకపోయింది. కస్టమర్ పోయినంక అలవాటుగ దాని దిక్కు తిరుగుత, నోరు తెరుస్త. సిరిసిల్లాయన యాడ్నో పక్కన నిలబడి ఉన్నడేమో అనిపిస్తది. నమస్తే సార్ అని చెప్పి మిషిన్ మీద కూసుంట.