హవల్దారు గారు ఊళ్లో లేని రోజు

2022 వేసవి. మామిడిపల్లి నుంచి పహాడీ షరీఫ్ వెళ్లే దారిలో, శంషాబాద్ ఎయిర్‌పోర్టు విమానాలు దిగేటప్పుడు పైకప్పు రేకులు అదిరే చోట నా మెకానిక్ షెడ్డు. అప్పటికి ఇరవై రెండేళ్లుగా నాది ఒకటే పని, డిస్పోజల్ బండ్లు. అంటే సైన్యం వాడి వాడి, వయసైపోయిందని వేలంలో అమ్మేసే జీపులు. కొన్నవాళ్లు వాటిని తుప్పుతో సహా తెచ్చి నా ముందు పడేస్తే, నేను నడిచేటట్టు చేసి పంపిస్తాను.

బయటివాళ్లకు జీపంటే జీపే. మాకు అలా కాదు. ఒకే జీపు సైన్యంలో నాలుగు వేషాలు వేస్తుంది. జీఎస్, అంటే జనరల్ సర్వీస్ బండి, ఆఫీసర్నీ ఉత్తరాల సంచినీ కూరగాయల బుట్టనీ ఒకే ఓపికతో మోస్తుంది. సిగ్నల్స్ బండిలో వైర్‌లెస్ సెట్టు ఉంటుంది కాబట్టి దానికి రెండు బ్యాటరీలు, వేరే వైరింగు. గన్ జీపు మీద ట్యాంకులను కొట్టే పొడవాటి తుపాకీ బిగిస్తారు. దాని గొట్టం ముందుకు చాచుకోవడానికి ముందు అద్దం ఫ్రేము నడిమికి చీలి ఉంటుంది. నాలుగోది అంబులెన్సు. రెండు స్ట్రెచర్లు, మెత్తటి స్ప్రింగులు. వీటన్నిట్లో రాజు గన్ జీపే. ఒక్కటి బాగుచేసి షెడ్డు ముందు నిలబెడితే, ఎయిర్‌పోర్టుకు ఆలస్యమవుతున్నవాళ్లు కూడా కారు ఆపి ఫొటో తీసుకుంటారు.

ఈ పనికి చుట్టుపక్కల నేనే దిక్కు అనుకుంటున్న రోజుల్లో సుబ్రహ్మణ్యం గారు దిగారు. తెనాలి దగ్గరి మనిషి. సైన్యంలో ఇవే బండ్లు రిపేరు చేసి హవల్దారుగా రిటైరై, నా షెడ్డుకు అర కిలోమీటరు దూరంలో తన షెడ్డు పెట్టుకున్నారు. దాచుకోవడం దేనికి, ఆయన్ను చూస్తే నాకు కడుపు మంట. ఆ ఇస్త్రీ చొక్కా చూస్తే మరీ మంట. గ్రీజులో చేతులు పెట్టేవాడికి ఇస్త్రీ ఏమిటి? గోడ మీద ప్రతి పానాకూ దాని ఆకారంలో బొమ్మ గీసి ఉంటుంది, పని కాగానే ఏ పానా అయినా దాని బొమ్మ మీదికే వెళ్తుంది. నా దగ్గర పదమూడో నంబరు పానా కావాలంటే షెడ్డంతా తిరగెయ్యాలి. రోజూ పొద్దున పోతూ ఆయన షెడ్డు ముందు ఎన్ని బండ్లున్నాయో లెక్కపెట్టేవాణ్ని. మూడుంటే ఆ పూట అన్నం సహించేది కాదు.

"గా లెక్క బంద్ జేసి మన షెడ్డు ఊడ్వరాదు?" అనేది నా భార్య సుజాత.

అట్లాంటి ఒక పొద్దున షెడ్డు ముందు ఒక లారీ ఆగింది. దాని మీద రంగు వెలిసిన జీపు. ముందు సీటులోంచి అరవై అయిదేళ్ల ఆవిడ తల బయటపెట్టి అడిగింది.

"తమ్మీ, హవల్దార్ సారు షెడ్డు యాడుంది?"

చెయ్యి చాపి చూపిస్తే సరిపోయేది. ఆయన షెడ్డు తలుపులు తీసి ఉన్నాయని కూడా నాకు తెలుసు. పొద్దున్నే లెక్కపెట్టి వచ్చాను కదా.

"ఆయన ఊరికి పోయిండక్కా. పది దినాలదాంక రాడు. ఏం పని చెప్పు, నేను జేస్త" అన్నాను.

ఆవిడ పేరు అనసూయ. శంషాబాద్ అవతల ఊరు. భర్త అంజయ్య సైన్యంలో డ్రైవరు. రిటైరైన చాలా ఏళ్లకు వేలం యార్డులో ఈ జీపు చూసి, నంబరు పలకను తన పాత డైరీతో సరిచూసుకుని, నాదే అని ఇంటికి తెచ్చుకున్నాడట. బాగుచేయించే లోపలే పోయాడు. ఇంకో నెలకు సంవత్సరీకం. ఆయనతో పనిచేసినవాళ్లు నలుగురైదుగురు వస్తామన్నారు.

"ఆయన దినాలల్ల ఎట్లుండెనో గట్లనే జెయ్యాలె తమ్మీ. ఏం పని జేసినవయ్యా అంటే జీపు నడిపిన అంటుండె, గంతే. ముప్పై ఏండ్లు అడిగిన, ఇవరంగ ఒక్కనాడు జెప్పలే. గీ బండిని జూసన్న తెలుసుకుంట."

ఆవిడకు కావలసింది అదొక్కటే. నాకు కావలసింది వేరు. లారీ దించగానే బండి లోపలికి తొంగి చూశాను. నేల రేకుకు ఆరు బోల్టు రంధ్రాలు. నా మనసు వెంటనే గన్ను అంది. తుపాకీ స్టాండు బిగించిన రంధ్రాలే ఇవి. గన్ జీపు నా షెడ్డు ముందు నిలబడితే హవల్దారు గారి ఇస్త్రీ నలిగిపోదూ!

తర్వాత కూడా ఆలోచించలేదు. లోపలి పక్కగోడలకు నాలుగు ఇనుప కొక్కేల మొండేలున్నాయి. ఎవరో తర్వాత అతికించిన చెత్త అనుకుని గ్రైండరుతో లేపేశాను. వెనక తలుపు ఎప్పుడో పోయింది, అక్కడ మామూలు రేకు కొట్టి ఉంది, పట్టించుకోలేదు. ముందు అద్దం ఫ్రేము ఒకటే ముక్కగా ఉంటే, మార్చేసి ఉంటారులే అని నడిమికి కోసేశాను. అనసూయక్కకు ఫోన్ చేసి "గన్ జీపు అక్కా! మామూలు బండి గాదు" అన్నాను. "గన్నా?" అని ఆవిడ రెండుసార్లు అడిగింది.

వారం తర్వాత, వెల్డింగు గ్యాస్ సిలిండర్ అయిపోయింది, ఒక పూటకు ఇస్తారా అంటూ సుబ్రహ్మణ్యం గారే వచ్చారు. సిలిండర్ సంగతి మరిచి జీపు దగ్గర నిలబడిపోయారు. ఇస్త్రీ చొక్కాతోనే కింద పడుకుని బండి కిందికి దూరారు.

"యాదగిరి గారూ, చక్రాల మీది స్ప్రింగులో కమాన్ పట్టీలు లెక్కపెట్టారా? గన్ జీపు మోసే బరువుకు ఇంత తక్కువ పట్టీలు ఆగవండి. పైగా ఈ రంధ్రాల కింద బలానికి వేసే మందపాటి పలక కూడా లేదు. రంధ్రాలు స్ట్రెచర్ పట్టాలవిలా ఉన్నాయి. ఇది అంబులెన్సేమో, ఒకసారి చూడండి."

మెత్తగా, మర్యాదగా అన్నారు. ఆ మర్యాదే నన్ను కాల్చింది.

"నా షెడ్డులకొచ్చి నాకే సదువు జెప్తరా సారు? సిలిండర్ ఆడుంది, తీస్కపోండి."

ఆయన సిలిండర్ తీసుకుని వెళ్లారు. నేను వాటర్ పేపర్ తీశాను. అది నీళ్లు తడుపుతూ రుద్దే గరుకు కాగితం. బండి చరిత్ర రంగు పొరల్లో ఉంటుందని, మొదట ఒక చోట రూపాయి బిళ్లంత రుద్ది చూడాలని పని నేర్చుకున్న తొలి ఏడాదే తెలుసు నాకు. ఈ బండికి ఆ పనే చెయ్యలేదు. పక్క రేకు మీద రుద్దాను. ఆకుపచ్చ. దాని కింద ఇంకో ఆకుపచ్చ. దాని కింద తెలుపు. ఇంకో బెత్తెడు పక్కన రుద్దితే ఎరుపు.

పైన మళ్లీ ఒక పొర రంగు కొడితే ఎవరికీ తెలియదు. నిజం చెప్తున్నాను, డబ్బా మూత కూడా తీశాను.

మర్నాడు అనసూయక్క వచ్చింది. చేతిలో ఇనుప బకిల్ ఉన్న మందపాటి కాన్వాసు పటకా ఒకటి.

"ఆయన పెట్టెల దొరికింది తమ్మీ. ఇన్ని దినాలు బియ్యం సంచి కట్టిన. బండిదేమో చూడు."

స్ట్రెచర్ మీద మనిషి జారిపోకుండా ఛాతీకి అడ్డంగా బిగించే పటకా అది.

"గన్ను బండని ఊరంత జెప్పిన. కని నాకే ఒక తీర్గున్నది. కోడిని గూడ కోసేటోడు గాదు ఆయన. నిజంగ గన్నేనా?"

"రెండు దినాలు ఆగక్కా, చూసి జెప్త" అన్నాను. ఆవిడ పోగానే, ఇరవై రెండేళ్ల సర్వీసును చంకలో పెట్టుకుని హవల్దారు గారి షెడ్డుకు నడిచాను. అర కిలోమీటరు అంత దూరమని అంతకు ముందు తెలియదు.

"మీరన్నది నిజమే సారు. అంబులెన్సే. స్ట్రెచర్లు తగిలించే కొక్కేలు కోసేసిన. అద్దం ఫ్రేము గూడ కోసిన" అన్నాను.

ఒక్క మాట దెప్పలేదు. లోపలికి వెళ్లి, తన బండి కోసం దాచుకున్న కోయని ఫ్రేము తెచ్చి ఇచ్చారు. స్ట్రెచర్ పట్టాల కొలతలు ఏ కాగితమూ చూడకుండా జ్ఞాపకం మీదే గీశారు. పది రోజులు పొద్దున్నే నా షెడ్డుకు వచ్చి, నాతోపాటు గొట్టాలు వంచారు. నా షెడ్డు గోడ మీద పానాల బొమ్మలు గీసి వెళ్లిందీ ఆయనే. అప్పుడు కూడా మండింది నాకు.

సంవత్సరీకం రోజు ఇద్దరం వెళ్లాం. ఆయన్ను అనసూయక్క చూడటం అదే మొదలు. వాకిట్లో జీపు, దాని పక్క రేకు మీద తెల్లటి వృత్తంలో ఎర్ర శిలువ, లోపల రెండు స్ట్రెచర్లు, కింది దానికి ఆ పాత పటకా. వచ్చిన మిత్రుల్లో విజయనగరం నుంచి కర్ర పట్టుకుని వచ్చిన ఒక ముసలాయన తిన్నగా బండి వెనక్కి నడిచి, ఎడమ పక్క కింది స్ట్రెచర్ మీద చెయ్యి పెట్టారు.

"నన్ను ఇక్కడే పడుకోబెట్టాడమ్మా మీ ఆయన. ఆరు గంటల దారి. నిద్రపోతే పోతావురా అని, ఆరు గంటలూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఎక్కువగా మీ గురించే."

అనసూయక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆరు గంటలా? ముప్పై ఏండ్లల్ల నాతోని అన్ని మాటలు మాట్లాడలే గదనే! నీ మీద నాకు కండ్లమంటైతుందన్నా" అని ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత మా దగ్గరికి వచ్చింది. ఈయనే హవల్దారు గారని నేనే చెప్పాను. ఆవిడ చేతులు జోడించింది.

"మీ కాడికే వస్తుంటిమి సారు. ఆ దినం మీరు ఊరికి పోయిండ్రని తమ్ముడు జెప్పిండు. లేకుంటే గీ పని తమ్మునికి దక్కకపోవు."

సుబ్రహ్మణ్యం గారు ఆవిడ వైపే చూస్తూ అన్నారు.

"అవునమ్మా. ఆ రోజు నేను ఊళ్లో లేను."

తిరుగు దారిలో ఆ సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను. ఈ పని నాకు నేర్పింది రెండు మాటలు. బండి ఏమిటో బండినే అడగాలి, మన కోరికను కాదు. రెండోది, ఎవరైనా హవల్దారు గారి షెడ్డు అడిగితే ఇప్పుడు మలుపు దాకా నడిచి వెళ్లి చూపిస్తాను. కడుపు మంట తగ్గిందా అంటే, లేదు. పొద్దున లెక్కపెట్టడం మానలేదు. నిన్న ఆయన షెడ్డు ముందు నాలుగు బండ్లున్నాయి. రెండు నేను పంపినవే. అయినా మండింది.