నడవలేని కాళ్ళ లెక్క

నారిపురుగును పుల్లకు చుట్టి లాగడంలో రాహేలు చేతిని మించిన చెయ్యి ముప్పాళ్ళ చుట్టుపక్కల లేదు. ఎండలు ముదిరేసరికి, ఊరి బయట ఆమెవాళ్ళుండే పల్లెలో ఎవరికో ఒకరికి కాలి మీద బొబ్బ లేచి పగిలేది. అందులోంచి తెల్ల దారం లాంటి పురుగు తల బయటపెట్టేది. దాన్ని చీపురు పుల్లకు చుట్టి, ఆముదం రాసి, రోజుకు రెండంగుళాలు మాత్రమే లాగాలి. తొందరపడితే తెగుతుంది. తెగితే కాలు చీము పట్టి మనిషి మూడు నెలలు మంచం దిగడు. అత్త దగ్గర నేర్చిన ఆ పనిని ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నా రాహేలు ఒక్క పురుగునూ తెంపలేదు.

ఊళ్ళో పెద్దిళ్ళవాళ్ళు కూడా ఆమెను పిలిచేవారు, పెరటి దారిన. గొడ్ల చావిట్లో కూర్చుని కాలు చాపి, ఎవరితోనూ అనొద్దని మరీ మరీ చెప్పేవారు. పల్లెవాళ్ళ జబ్బు తమకు వచ్చిందంటే పరువు పోదూ? మునసబు బ్రహ్మయ్య భార్య శేషారత్నం రెండు వేసవులు అలాగే చుట్టించుకుంది. రాహేలు వాళ్ళ కాళ్ళు పట్టుకోవచ్చు, కడవ మాత్రం ముట్టుకోకూడదు. ఈ న్యాయం ఎవడు కనిపెట్టాడో గాని వాడి బుద్ధికి దణ్ణం పెట్టాలి.

ఊరంతటికీ ఉన్నది ఒక్క దిగుడుబావి. ఊరివాళ్ళు మెట్లు దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి కడవలు ముంచుకునేవారు. పల్లె ఆడవాళ్ళు గట్టు మీద దూరంగా నిలబడి, ఎవరికైనా దయ పుట్టి పోస్తే పట్టుకునేవారు. ఒక్కోరోజు ఆ దయ పుట్టడానికి మధ్యాహ్నం దాటేది.

యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో జిల్లా బోర్డువారు ఏ ఊరికి ఏ అవసరం ఉందో కనుక్కురమ్మని ఆరోగ్య ఇన్‌స్పెక్టర్లను పంపారు. ఈ పురుగు తెచ్చే నారికురుపు ఎక్కువున్న చోట గిలకతో చేదబావి తవ్విస్తారట. ఈ ఊరికి అబ్దుల్ రహీమ్ అనే ఇన్‌స్పెక్టరు సైకిలు మీద వచ్చాడు. నారికురుపు ఉన్నవాళ్ళంతా చావడి దగ్గరికి నడిచొచ్చి పేరు రాయించుకోవాలని బ్రహ్మయ్య దండోరా వేయించాడు.

నారికురుపు పట్టినవాణ్ణి నడిచి రమ్మనడం! గుడ్డివాణ్ణి వచ్చి దారి చూపించమన్నట్టే ఉంది. ఊరివాళ్ళు పరువుకు జడిసి ఒక్కరూ రాలేదు. పల్లె నుంచి నలుగురు కర్రల మీద కుంటుకుంటూ వచ్చి, చావడి మెట్లెక్కే హక్కు లేదు గనుక ఎండలో నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు పుస్తకంలో నలుగురని రాసుకున్నాడు. నలుగురి కోసం బోర్డు బావి తవ్వదు.

ఆ కబురు అందేసరికి రాహేలు ఒకడి మడమలో పురుగు చుడుతూ ఉంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చుట్టడం పూర్తయ్యేదాకా పళ్ళు బిగబట్టుకుని, ఆ చేతులు కడుక్కుని నేరుగా చావడికి వచ్చింది.

"నడిచొచ్చినోళ్ళని లెక్కేశారయ్యా. నడవలేకపోవటమే గదా ఈ జబ్బు" అంది.

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. మంచాన ఉన్నవాళ్ళను మోయించి తెస్తానని, గంట ఆగమని ఆమె అడిగింది. బ్రహ్మయ్య లేచాడు. పల్లె మంచాలు నడివీధిలోకి రావడం ఈ ఊళ్ళో లేదన్నాడు. నిజమే, పల్లెలో శవం లేచినా పొలాల వెంట చుట్టు తిరిగి పోవలసిందే. రాహేలు అతని మాటకు ఆగలేదు.

మొగవాళ్ళలో సగం మంది మంచాన ఉంటే ఆడవాళ్ళే భుజం పట్టారు. ఒక్కో మంచం నడివీధి వెంట వచ్చి చావడి ముందు దిగింది. మొత్తం ఇరవై ఆరు. ఇన్‌స్పెక్టరు మెట్లు దిగి, ప్రతి మంచం దగ్గరా వంగి చూసి రాసుకున్నాడు.

బ్రహ్మయ్యకు అది తల కొట్టేసినట్టయింది. "వీళ్ళ మురికివల్లే ఈ పురుగు. బావి తవ్విచ్చినా పాడుచేస్తారు" అన్నాడు.

అలా కాదని ఇన్‌స్పెక్టరు విడమరచి చెప్పాడు. పురుగున్న కాలు నీళ్ళలో దిగితే దాని పిల్లలు నీళ్ళలో పడతాయి, ఆ నీళ్ళు తాగినవాడికి ఏడాదికి పురుగు బయటపడుతుంది. అలా చెప్పి, ఆ దిగుడుబావిలో దిగేది ఎవరని అడిగాడు.

ఎదురింటి తలుపు చాటున శేషారత్నం నిలబడి ఉంది. రాహేలు ఆమెను చూసింది. ఒక్క పేరు చెబితే చాలు, ఇన్నేళ్ళ కసి తీరేది. కాని కాలు పట్టుకుని ఇచ్చిన మాట అది.

"ఆ బావిలో ఇంతవరకూ మా కాలు పడలేదయ్యా. పడ్డ కాళ్ళకి పుల్ల చుట్టింది మాత్రం నేనే. ఎవరెవరికో మునసబుగారికి తెలుసు" అంది.

బ్రహ్మయ్య కూర్చుండిపోయాడు.

ఏడాది తిరక్కుండానే పల్లె మొగదల చేదబావి పడింది. ఆ పై వేసవికి పల్లెలో రాహేలుకు పుల్లతో పని లేకపోయింది. ఊళ్ళో మాత్రం దిగుడుబావి దిగుతూనే ఉన్నారు, పురుగు వస్తూనే ఉంది.

ఒక పొద్దున శేషారత్నం బిందె చంకన పెట్టుకుని, మడమకు గుడ్డ కట్టుకుని వచ్చింది. చేదబావికి పదడుగుల దూరంలో ఆగింది, ఒకప్పుడు పల్లె ఆడవాళ్ళు ఆగినట్టే.

"కాసిని నీళ్ళు పొయ్యవే రాహేలూ."

తను ఎన్ని మధ్యాహ్నాలు దిగుడుబావి గట్టున అలా నిలబడిందో రాహేలుకు గుర్తుంది. ఆమెనూ మధ్యాహ్నం దాకా నిలబెట్టాలనే అనిపించింది.

"మా బావికాడ పోసేవాళ్ళుండరమ్మా" అంది చివరికి. "తాడు అక్కడే ఉంది. వచ్చి చేదుకోండి."

శేషారత్నం అటూ ఇటూ చూసింది. తర్వాత కుంటుకుంటూ వచ్చి తాడు పట్టుకుంది. రాహేలు చేతులు కట్టుకుని నిలబడింది గాని, సాయం పట్టలేదు.